ఐర్లండ్ పూర్వీకుడి ఊరు తెలియాలంటే ఎవరి వీలునామా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వారి తాతకు తాత 1850ల ప్రాంతంలో ఐర్లండ్ నుంచి బోస్టన్‌కు వలస వచ్చి, 1880లలో ఆ నగరంలోని రాక్స్‌బరీలో చనిపోయారు. మరణ నమోదులోనూ జనాభా లెక్కల్లోనూ పుట్టిన చోటు దగ్గర ‘ఐర్లండ్’ అన్న ఒక్క మాటే ఉంది. కోర్టు సూచికలో ఆయన పేరిట వీలునామా కనబడలేదు. పైగా ఐర్లండ్‌లోని వీలునామాలన్నీ 1922లోనే కాలిపోయాయని ఎవరో చెప్పారు కాబట్టి, ఈ దారి ఇక మూసుకుపోయినట్టేనా అని మీరు అడిగారు.

మూసుకుపోలేదు. అయితే ఆయన రాయని వీలునామాను వెతకడం మాని, ఆయన తోబుట్టువులలోనో దాయాదులలోనో పిల్లలు లేకుండా చనిపోయినవారు ఎవరున్నారో కనుక్కుని, వారి ఆస్తి పంపకానికి సంబంధించిన కోర్టు ఫైలు తెప్పించుకోండి. ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబాల విషయంలో ఊరి పేరు బయటపడే అవకాశం ఎక్కువగా ఉన్న కాగితం అదే. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మన జిల్లాల్లో వీలునామా అనగానే రిజిస్ట్రారు ఆఫీసు గుర్తుకొస్తుంది. ప్రొబేట్ కోసం, అంటే వీలునామాను నిర్ధారింపజేసుకోవడానికి, కోర్టుకు వెళ్ళే అవసరం చాలా కుటుంబాలకు రాదు. అమెరికాలో అలా కాదు. చనిపోయినవారి పేరిట ఇల్లో, బ్యాంకులో డబ్బో ఉంటే, అది వారసుల చేతికి రావడానికి సాధారణంగా కౌంటీ ప్రొబేట్ కోర్టు ఉత్తర్వు కావాలి. వీలునామా ఉంటే కోర్టు దానిని నిర్ధారించి, దానిని అమలుచేసే ఎగ్జిక్యూటరుకు అధికారం ఇస్తుంది. లేకపోతే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇచ్చి ఒక నిర్వాహకుణ్ణి నియమిస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఒక ఫైలు తయారవుతుంది. అందులో అర్జీ, వారసుల పేర్లు, నిర్వాహకుడు జామీనుదార్లతో కలిసి రాసిచ్చిన హామీపత్రం, ఆస్తుల జాబితా, ఖర్చుల లెక్కలు, పంపకపు ఉత్తర్వు, డబ్బు ముట్టినట్టు వారసులు ఇచ్చిన రసీదులు, పత్రికలో వేయించిన ప్రకటన ప్రతి, ఇలాంటివన్నీ ఉండవచ్చు. చాలామంది వీలునామా నకలు రాసుకున్న రిజిస్టరు పుస్తకం చూసి ఆగిపోతారు. వంశ చరిత్రకు పనికొచ్చేదంతా ఫైలులోని విడి కాగితాల్లో ఉంటుంది కాబట్టి, మీరు అడగవలసింది పూర్తి ఫైలును.

అందువల్ల మొదటి పనిగా, మీరు చూసిన సూచిక వీలునామాలకు మాత్రమే సంబంధించినదా, లేక అడ్మినిస్ట్రేషన్లు, మైనర్ల సంరక్షక వ్యవహారాలు కూడా అందులో ఉన్నాయా అన్నది తేల్చుకోండి. వీలునామా లేదని తెలిసినంత మాత్రాన ఫైలు లేదని అనుకోకూడదు. ఆయనకు ఇల్లు ఉన్నా, చిన్న కొట్టు ఉన్నా, మైనరు పిల్లలు మిగిలినా ఏదో ఒక కాగితం కోర్టుకు చేరి ఉండవచ్చు. ఆ హామీపత్రం మీద జామీనుగా సంతకం పెట్టిన ఇద్దరి పేర్లు జాగ్రత్తగా రాసుకోండి. ఆ రోజుల్లో ఎవరో దారినపోయేవారు జామీను ఉండేవారు కాదు. భార్య తమ్ముడో, ఒకే ఊరి నుంచి వచ్చిన స్నేహితుడో అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు పిల్లలు లేనివారి సంగతి. వీలునామా లేకుండా ఒక మనిషి చనిపోతే ఆస్తి ఎవరికి చెందాలో చట్టం వరుస కడుతుంది. భార్యాపిల్లలు ఉంటే మామూలుగా ఆ వరుస వారి దగ్గరే ఆగిపోతుంది. అర్జీలో బోస్టన్‌లో ఉన్న భార్య పేరు, పిల్లల పేర్లు తప్ప మరేమీ కనబడవు. ఐర్లండ్ ప్రసక్తి రావలసిన అవసరమే ఉండదు. మీ వారి పూర్వీకుడిది ఈ కోవలోకే వస్తుంది. పిల్లలు లేకపోతే మాత్రం చట్టం తల్లిదండ్రుల వైపు, వారు లేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వైపు, వారిలో ముందే పోయినవారు ఉంటే వారి పిల్లల వైపు వెళుతుంది. వారసులెవరో తేలకుండా న్యాయమూర్తి పంపకానికి ఒప్పుకోడు. కాబట్టి అర్జీ పెట్టినవారు ఐర్లండ్‌లో మిగిలిపోయిన అక్క పేరు, ఆమె ఇంటిపేరు పెళ్ళితో మారి ఉంటే ఆ కొత్త పేరు, ఆమె ఉంటున్న ఊరు, కౌంటీ, ఆస్ట్రేలియా వెళ్ళిన అన్న ఉనికి, చనిపోయిన తమ్ముడి పిల్లల వయసులు, అన్నీ రాసి ఇవ్వవలసి వచ్చేది. న్యూయార్క్ రాష్ట్రంలో 1830 నుంచి, వీలునామా ఉన్న సందర్భంలో కూడా, అందులో ఏమీ దక్కనివారితో సహా దగ్గరి వారసులందరి పేర్లూ నివాసాలూ అర్జీలో చూపించే పద్ధతి ఉండేది. అక్కడ ప్రొబేట్ వ్యవహారాలు చూసే సరొగేట్ కోర్టుల ఫైళ్ళకు పరిశోధకులు అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

ఇలా చనిపోయినవారు ఎవరై ఉంటారు? ఎక్కువగా ఇళ్ళలో పనికి కుదిరిన అవివాహిత స్త్రీలు. 1840ల నాటి మహా కరువు తర్వాత ఐర్లండ్ నుంచి ఒంటరి ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చి బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో వంటమనుషులుగా, ఇంటి పనివాళ్ళుగా స్థిరపడ్డారు. యజమాని ఇంట్లోనే తిండి, బస కాబట్టి జీతం చాలావరకు పొదుపు బ్యాంకుకు చేరేది. అలాంటి మనిషి చనిపోతే మిగిలేది ఒక పాసుపుస్తకం, రెండు పెట్టెల బట్టలు. ఆ పాసుపుస్తకంలోని డబ్బు తీయడానికి కోర్టుకు వెళ్ళక తప్పేది కాదు. కుటుంబ వృక్షాల్లో ఇలాంటి మేనత్తలకు ఒక చిన్న కొమ్మ కూడా ఉండదు. సంతానం లేదు కాబట్టి వారిని ఎవరూ వెతకరు. నా అనుభవంలో మగవారి ఆస్తి కాగితాలకన్నా వీరి కాగితాలే ఎక్కువ మాట్లాడతాయి.

ఇలాంటి ఫైళ్ళలో ప్రత్యేకంగా వెతకవలసిన కాగితం పవర్ ఆఫ్ అటార్నీ. ఐర్లండ్‌లో ఉన్న వారసులు తమ వాటా తీసుకునే అధికారాన్ని బోస్టన్‌లోని బంధువుకో, వకీలుకో రాసి ఇచ్చేవారు. ఆ పత్రాన్ని స్థానిక అధికారి ముందో, క్వీన్స్‌టౌన్, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ వంటి చోట్ల ఉన్న అమెరికన్ కాన్సులు ముందో సంతకం చేసి పంపేవారు. క్వీన్స్‌టౌన్ అంటే ఇప్పటి కోవ్ రేవు. రాసిచ్చేవారు ఎవరు, ఏ టౌన్‌ల్యాండ్ (ఊరి స్థాయి చిన్న భూవిభాగం), ఏ పారిష్ (ఒక చర్చి పరిధి), చనిపోయిన వ్యక్తికి ఏమవుతారు అన్న సంగతులు పత్రం మొదట్లోనే ఉంటాయి. సంతకం రానివారు గుర్తు వేసి ఉంటే, పక్కన సాక్షిగా ఊరి ఫాదరో బడి మాస్టారో సంతకం చేసి ఉండవచ్చు. ఆ ఫాదరు పేరు ఒక్కటి దొరికినా ఆయన పనిచేసిన పారిష్ పట్టుకోవచ్చు.

చర్చి ఫాదరుల వీలునామాలు మరో మంచి ఆధారం. ఐర్లండ్‌లో పుట్టి అమెరికాలో ఫాదరుగా చేసినవారికి భార్యాపిల్లలు ఉండరు. సొంత ఊరి చర్చికి, అక్కడి అక్కచెల్లెళ్ళకు, మేనల్లుళ్ళకు డబ్బు రాసేవారు. మీ కుటుంబంలో ఒక ఫాదరు ఉన్నాడన్న మాట ఎక్కడైనా వినబడితే ఆయన ఫైలు ముందు తెప్పించండి. మామూలు కాథలిక్కుల వీలునామాల్లో కూడా తన ఆత్మశాంతికి పూజలు జరిపించమని డబ్బు కేటాయించే అలవాటు ఉంది. ఆ పూజలు ఎక్కడ జరగాలో రాసిన చోట ఒక్కోసారి బోస్టన్ చర్చికి బదులు పుట్టిన పల్లె చర్చి పేరు కనబడుతుంది.

ఆ తోబుట్టువులు ఎవరో తెలియదు కదా అని మీరు అనవచ్చు. మీ వారి పూర్వీకుడి పిల్లల బాప్తిస్మ రిజిస్టర్లలో సాక్షులుగా నిలిచినవారు, ఆయన పెళ్ళికి సాక్షులు, ఒకే సమాధి స్థలంలో పాతిపెట్టబడ్డ వేరే పేర్లవారు, నగర డైరెక్టరీలో అదే చిరునామాలో ఉన్నవారు, నేను పైన చెప్పిన జామీనుదార్లు, వీరందరి పేర్లతో ఒక పట్టిక వేసుకోండి. మసాచుసెట్స్‌లో 1841 నుంచి రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు ఉంది. తర్వాత అందులో తల్లిదండ్రుల పేర్లు రాసే గడి కూడా చేరింది. మీ వారి పూర్వీకుడి తల్లిదండ్రుల పేర్లే ఎవరి మరణ నమోదులో కనబడతాయో వారు తోబుట్టువులయ్యే అవకాశం ఉంది. అలా తేలిన ప్రతి పేరునూ ప్రొబేట్ సూచికలో చూడాలి.

ఇక్కడ కౌంటీ సరిహద్దుల గొడవ ఒకటుంది. అమెరికాలో ప్రొబేట్ వ్యవహారం కౌంటీది. బోస్టన్ సఫోక్ కౌంటీలో ఉంది. కానీ రాక్స్‌బరీ 1868లో బోస్టన్‌లో కలిసేవరకు నార్‌ఫోక్ కౌంటీకి చెందిన విడి పట్టణం. దాని కాగితాలు ఆ కౌంటీ కేంద్రమైన డెడమ్‌లో ఉండేవి. డార్చెస్టర్ 1870లో, చార్ల్స్‌టౌన్, బ్రైటన్, వెస్ట్ రాక్స్‌బరీ 1874లో బోస్టన్‌లో కలిశాయి. వీటిలో చార్ల్స్‌టౌన్, బ్రైటన్ అంతకుముందు మిడిల్‌సెక్స్ కౌంటీవి. కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఇప్పటికీ మిడిల్‌సెక్సే. కాబట్టి 1880లలో రాక్స్‌బరీలో పోయిన మీ పూర్వీకుడి కోసం సఫోక్‌లో చూడటం సరైనదే గానీ, అదే వీధిలో 1866లో పోయిన ఆయన అన్న కోసం నార్‌ఫోక్‌లో చూడాలి. నది అవతల కేంబ్రిడ్జ్‌లో వంటమనిషిగా ఉండి పోయిన చెల్లెలి ఫైలు మిడిల్‌సెక్స్‌లో ఉంటుంది. ఏడాది విషయంలో కూడా పట్టు విడుపు ఉండాలి. మరణం ఒక ఏడాది, కోర్టు అర్జీ ఎన్నో ఏళ్ళ తర్వాత కావచ్చు.

ఈ ఫైళ్ళ చిత్రాలు ఇప్పుడు చాలావరకు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా ఖాతా తెరిస్తే అనేక కౌంటీల ప్రొబేట్ పుస్తకాలు కనబడతాయి. సఫోక్ కౌంటీ పాత ఫైళ్ళను అమెరికన్ ఆన్సెస్టర్స్ సైటు డిజిటల్ రూపంలో పెట్టింది. 2024లో ఫ్యామిలీసెర్చ్ ప్రవేశపెట్టిన పూర్తి పాఠ శోధన ఈ పనిని నిజంగా మార్చివేసింది. అంతకుముందు సూచికలో ఉన్న మృతుడి పేరుతో మాత్రమే వెతకగలిగేవాళ్ళం; ఇప్పుడు యంత్రం చేతిరాతను చదివి పత్రంలోని ప్రతి మాటనూ వెతకనిస్తుంది. మీ ఇంటిపేరుతో పాటు ఐర్లండ్ అనో, అనుమానం ఉన్న కౌంటీ పేరో కలిపి వెతికితే, మీ పూర్వీకుడు వేరొకరి ఫైలులో వారసుడిగానో సాక్షిగానో ఉన్న చోటు బయటపడవచ్చు. యంత్రం చేతిరాతను తప్పుగా చదివే సందర్భాలు తక్కువేమీ కాదు కనుక ఇంటిపేరు రకరకాల వర్ణక్రమాలతో ప్రయత్నించండి. ఇంటిపేరు మొదట్లో వచ్చే ఓ, మాక్ వంటివి తీసేసి కూడా చూడండి. బ్రిజెట్ అన్న పేరు బిడ్డీగానో డీలియాగానో మారి ఉండవచ్చు.

కోర్టు కాగితాలతో పాటు చూడవలసిన పత్రికా ప్రకటనలు కూడా ఉన్నాయి. బోస్టన్ నుంచి వెలువడిన ‘పైలట్’ పత్రిక 1831 నుంచి 1921 వరకు, ఆచూకీ తెలియని ఐరిష్ బంధువుల కోసం ప్రకటనలు వేసింది. వాటిలో పారిష్ పేరు వరకు వివరాలు ఉంటాయి; కొన్ని ప్రకటనలు ఆస్తికి వారసులను వెతుకుతూ ఇచ్చినవే. బోస్టన్ కాలేజీ వీటితో ఒక సమాచార నిధిని తయారుచేసింది.

ఇక ఐర్లండ్ వైపుకు వద్దాం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయంలో పేలుడు జరిగి, అక్కడి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. అక్కడికి చేరి ఉన్న అసలు వీలునామాలు దాదాపు అన్నీ పోయాయి. ఇంతవరకు మీకు చెప్పినవారి మాట నిజం. అయితే అసలు కాగితం వేరు, దాని నకలు వేరు, దాని సూచిక వేరు, సారాంశం వేరు; మంటల్లో పోయినది ముఖ్యంగా మొదటిది. ఐర్లండ్ రికార్డుల నష్టాలన్నిటినీ 1922 ఖాతాలో వేయడం ఒక అలవాటుగా మారింది. ఉదాహరణకు 1861 నుంచి 1891 వరకు తీసిన జనాభా లెక్కలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేయించింది.

వీలునామాల చరిత్రలో ఐర్లండ్‌కు 1858 సరిహద్దు. అంతకుముందు ఆ అధికారం చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రొటెస్టెంట్ చర్చి మతాధికార కోర్టులది. కాథలిక్కులైనా ప్రెస్బిటీరియన్లైనా ఆ కోర్టులకే వెళ్ళాలి. 1857 చట్టంతో అది పౌర కోర్టులకు మారి, 1858 నుంచి డబ్లిన్‌లో ప్రధాన రిజిస్ట్రీ, దాని కింద పదకొండు జిల్లా రిజిస్ట్రీలు పనిచేశాయి: ఆర్మా, బలీనా, బెల్‌ఫాస్ట్, కావన్, కార్క్, కిల్‌కెనీ, లిమరిక్, లండన్‌డెరీ, మల్లింగర్, ట్యూమ్, వాటర్‌ఫర్డ్. ప్రతి ఏటా మంజూరైన ప్రొబేట్లు, అడ్మినిస్ట్రేషన్లు అన్నిటికీ అచ్చు వేసిన వార్షిక జాబితాలు ఉన్నాయి. వీటినే క్యాలెండర్లు అంటారు. ఇవి కాలిపోలేదు. చనిపోయినవారి పేరు, ఊరు, వృత్తి, మరణించిన తేదీ, చోటు, ఎవరికి అధికారం ఇచ్చారు, వారు మృతుడికి ఏమవుతారు, ఆస్తి విలువ ఎంత, ఇవన్నీ ఒక చిన్న పేరాలో దొరుకుతాయి. ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా చూడవచ్చు.

జిల్లా రిజిస్ట్రీలు తమ దగ్గరకు వచ్చిన వీలునామాలను పుస్తకాల్లోకి పూర్తిగా నకలు రాసుకునేవి. ఆ పుస్తకాలు డబ్లిన్ మంటలకు దూరంగా ఉండటం వల్ల మిగిలాయి. 1858 నుంచి 1900 వరకు ఉన్నవి నేషనల్ ఆర్కైవ్స్ సైటులోనే ఉన్నాయి. ఆర్మా, బెల్‌ఫాస్ట్, లండన్‌డెరీ రిజిస్ట్రీల పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనీ అనే ప్రభుత్వ రికార్డుల కార్యాలయం సైటులో ఉచితంగా దొరుకుతాయి. డోనెగల్, మొనహన్, లౌత్ కౌంటీలు ఇప్పుడు ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఉన్నా, అక్కడి వీలునామాలు ఈ ఉత్తరాది రిజిస్ట్రీలకు వెళ్ళేవి కనుక ఆ కౌంటీలవారు ప్రోనీలో తప్పక చూడాలి. డబ్లిన్ ప్రధాన రిజిస్ట్రీలో నమోదైనవారి పుస్తకాలు మాత్రం కొన్ని సంవత్సరాలవి తప్ప మిగలలేదు. అలాంటివారికి క్యాలెండర్‌లోని పేరాతోనే సరిపెట్టుకోవాలి.

క్యాలెండర్లు చూసేటప్పుడు గుర్తుంచుకోవలసింది, అవి మరణించిన ఏడాది ప్రకారం కాక అధికారం మంజూరైన ఏడాది ప్రకారం కట్టినవి. 1870లలో పోయిన రైతు పేరు 1900 తర్వాతి జాబితాలో కనబడటం వింతేమీ కాదు. పొలం తరాల తరబడి పాత పేరుతోనే నడిచి, భూమి కొనుగోలు చట్టాల కింద హక్కు పత్రం అవసరమైనప్పుడు కుటుంబం కోర్టుకు వెళ్ళేది. మొదటి నిర్వాహకుడు పని పూర్తిచేయకుండానే పోతే రెండోసారి అధికారం తీసుకోవలసి వచ్చేది. అప్పుడు ఒకే మనిషికి రెండు నమోదులు, ఇద్దరు బంధువుల పేర్లు దొరుకుతాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చనిపోయి ఐర్లండ్‌లో ఆస్తి మిగిల్చినవారు కూడా ఈ జాబితాల్లో ఉన్నారు. అందుకని మీ పూర్వీకుడి పేరును కూడా ఒకసారి అందులో వెతకండి.

అయితే మీ పూర్వీకుడి తండ్రి వీలునామా రాసి ఉంటాడా అన్నది వేరే ప్రశ్న. నిజం చెప్పాలంటే, కరువు కాలం నాటి చిన్న కౌలుదారుడికి రాయడానికి ఏమీ ఉండేది కాదు. భూమి దొరది, ఏడాదికేడాది కౌలుకు ఉన్నవాడు దానిని కొడుక్కు రాసే పరిస్థితి లేదు. 1881 భూచట్టం కౌలుదారు తన హక్కును అమ్ముకునే వీలు కల్పించాక, ముఖ్యంగా 1903 చట్టంతో రైతులు పెద్ద ఎత్తున సొంతదారులయ్యాక, చిన్న రైతుల పేర్లు క్యాలెండర్లలో పెరిగాయి. కాబట్టి 1850లలో వలస వచ్చిన మనిషి తండ్రి కన్నా, ఊళ్ళోనే ఉండిపోయి పొలం చూసుకున్న అన్నో తమ్ముడో 1880ల తర్వాత రాసిన వీలునామా దొరికే అవకాశమే మెరుగు. అటువంటి వీలునామాల్లో పొలం ఒక కొడుక్కు పోతుంది. భార్యకు ఇంట్లో ఒక గది, ఒక ఆవుకు మేత, పొయ్యి దగ్గర చోటు రాసిపెడతారు. కూతుళ్ళకు కట్నం డబ్బు, అమెరికాలో ఉన్నవారికి కొద్ది మొత్తమో, ఒక్క షిల్లింగో. ఆ షిల్లింగు చూసి తండ్రీకొడుకులకు పడలేదని తేల్చేయకండి. వెళ్ళేటప్పుడు ఓడ టికెట్టుకు ఇచ్చినదే వాటాగా లెక్కవేసి, తర్వాత వచ్చి దావా వేయకుండా పేరు మాత్రం రాసి ఉంచడం కూడా ఉంది.

1858కి ముందు కాలం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ కేసుకు దాని అవసరం తక్కువ. ఒక డయోసిస్ (బిషప్ పరిధి) లోపలే ఆస్తి ఉన్నవారు అక్కడి కాన్సిస్టోరియల్ కోర్టుకు, రెండో డయోసిస్‌లో కూడా 5 పౌండ్లకు పైగా ఆస్తి ఉన్నవారు ఆర్మా ప్రెరొగేటివ్ కోర్టుకు వెళ్ళేవారు. వీటి సూచికలు చాలావరకు మిగిలాయి; పేరు, ఊరు, ఏడాది తెలుస్తాయి. 1800 వరకు ఉన్న ప్రెరొగేటివ్ వీలునామాల నుంచి సర్ విలియమ్ బెథమ్ అనే వంశావళి అధికారి కుటుంబ వివరాలను నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకోవడం వల్ల కలిగినవారి వంశాలు కొంత బతికాయి. పన్ను శాఖ కోసం తయారైన వీలునామా రిజిస్టర్లు 1828 నుంచి 1839 వరకు, వాటి సూచికలు 1879 వరకు ఉన్నాయి. 1708లో మొదలైన రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌ అనే దస్తావేజుల నమోదు కార్యాలయంలో కూడా కొన్ని వీలునామాల సారాంశాలు నమోదయ్యాయి; ఆ కార్యాలయం వేరే చోట ఉండటంతో దానికి ఏమీ కాలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ నుంచి పెన్సిల్వేనియాకు వెళ్ళిన ప్రెస్బిటీరియన్ కుటుంబాలవారికి ఇవి ఎక్కువ పనికొస్తాయి.

ఊరి పేరు దొరికిందని అనుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఐర్లండ్‌లో అరవై వేలకు పైగా టౌన్‌ల్యాండ్లు ఉన్నాయి. కిల్‌మోర్ వంటి పేరు కౌంటీ కౌంటీకీ వినబడుతుంది. అమెరికన్ గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేరు అసలు రూపానికి చాలా దూరంగా ఉండవచ్చు. logainm.ie అనే ఐరిష్ స్థలనామాల సైటులో దానికి దగ్గరగా ఉన్న రూపాలన్నీ చూసి, 1847 నుంచి 1864 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు జాబితాలో ఆ టౌన్‌ల్యాండ్‌లో మీ ఇంటిపేరు ఉందో లేదో పోల్చండి. ఆ మదింపు తర్వాత అదే కౌలును ఎవరెవరు అనుభవించారో దశాబ్దాల పాటు సవరిస్తూ పోయిన పుస్తకాలు ఉన్నాయి. పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసిన ఏడాది, పాతవాడు చనిపోయిన ఏడాదికి దగ్గరగా ఉంటుంది. ఆ ఏడాది నుంచి ముందుకు క్యాలెండర్లు తిరగేస్తే ప్రొబేట్ నమోదు దొరకవచ్చు. ఉత్తర ఐర్లండ్ కౌంటీల సవరణ పుస్తకాలు 1864 నుంచి 1933 వరకు ప్రోనీ సైటులో ఉన్నాయి. ఆ తర్వాత కాథలిక్ పారిష్ రిజిస్టర్లలో బాప్తిస్మం వెతకాలి. 1880 వరకు ఉన్నవాటి చిత్రాలను ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015 నుంచి ఉచితంగా చూపిస్తోంది.

బంధుత్వపు మాటల విషయంలో తొందరపడకండి. పాత పత్రాల్లో కజిన్ అన్న మాట ఏ దూరపు చుట్టానికైనా వాడేవారు. బ్రదర్ అన్నది బావమరిదికి కూడా చెల్లేది. ఇన్ఫెంట్ అంటే పసిబిడ్డ అనుకోకండి. 21 ఏళ్ళు నిండని ఎవరినైనా చట్టం అలాగే పిలిచేది. ఒకే పేరున్న ఇద్దరిని సీనియర్, జూనియర్ అని వేరుచేశారంటే వారు తండ్రీకొడుకులే కానక్కరలేదు. పెదనాన్న, తమ్ముడి కొడుకు కావచ్చు, అసలు చుట్టరికమే లేకపోవచ్చు. వీలునామాలో ఒక కొడుకు పేరు లేదంటే ఆ కొడుకు లేడని కూడా కాదు. వాటా ముందే ఇచ్చేసి ఉండవచ్చు.

తోబుట్టువులు అమెరికాకే వచ్చారని కూడా అనుకోనక్కరలేదు. ఇంగ్లండ్‌లో 1858 తర్వాతి ప్రొబేట్లకు దేశమంతటికీ ఒకే జాబితా ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ఆర్కైవ్స్ పాత వీలునామాల పూర్తి ఫైళ్ళను ఉచితంగా చూపిస్తుంది. మనవైపు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ పటాలాల్లో ఐర్లండ్ యువకులు పెద్ద భాగం. మద్రాసు ఫ్యూసిలియర్స్ అన్న పటాలమే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చనిపోయిన సైనికుల, అధికారుల వీలునామాలు, వారి సామాన్లు వేలం వేసిన జాబితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. డబ్బు చేరవలసిన తల్లో అన్నో ఐర్లండ్‌లో ఎక్కడున్నారో వాటిలో కొన్నింటిలో రాసి ఉంటుంది. సికింద్రాబాదు కంటోన్మెంటుతో సంబంధమున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవారు ఇది చదువుతుంటే, వారికి ఇదే మొదటి మెట్టు.

మీ విషయానికి వస్తే, ముందు సఫోక్ కౌంటీలో మీ పూర్వీకుడి పేరిట అడ్మినిస్ట్రేషన్ ఫైలు ఉందేమో చూడండి. ఉంటే జామీనుదార్ల పేర్లు తీసుకోండి. ఆయన భార్య తర్వాత ఎప్పుడు పోయారో చూసి ఆమె పేరిట కూడా వెతకండి, ఎందుకంటే ఇల్లు ఆమె పేరు మీదికి మారి ఉంటే అసలు ఫైలు ఆమెదే అవుతుంది. తర్వాత పిల్లల బాప్తిస్మ సాక్షులలో అదే ఇంటిపేరున్న ఆడవారిని ఏరి, వారిలో పెళ్ళి కాకుండా పోయినవారిని సఫోక్, నార్‌ఫోక్, మిడిల్‌సెక్స్ మూడు కౌంటీల సూచికల్లోనూ చూడండి. ఫైలు సంఖ్య దొరికి చిత్రాలు ఆన్‌లైన్‌లో లేకపోతే, ఆ సంఖ్య, పేరు, ఏడాది రాసి, వీలునామాతో ఆగకుండా ఫైలులోని అన్ని కాగితాల నకళ్ళూ కావాలని కోర్టు రికార్డుల విభాగానికి స్పష్టంగా అడగండి. అలా అడగకపోతే వారు మొదటి రెండు పేజీలు పంపి ఊరుకునే వీలుంది. మీకు కావలసిన పవర్ ఆఫ్ అటార్నీ ఫైలు చివరి కాగితాల్లో ఉండవచ్చు.